ఓడల మీద సిగ్నల్ జెండాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది వైజాగ్, నేను మర్చంట్ నేవీలో డెక్ సైడ్ పని చేశాను. ఇంటికొచ్చినప్పుడల్లా చుట్టాల పిల్లలు, కోచింగ్‌లో చేరిన కుర్రాళ్ళు అడిగే ప్రశ్నల్లో జెండాల గురించే ఎక్కువ ఉంటాయి, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. దీని గురించి తెలుగులో నాకు పెద్దగా ఏమీ కనపడలేదు, కాబట్టి కొంచెం విడమర్చే రాస్తున్నా.

ఒక్కో జెండా ఒక్కో ఇంగ్లీషు అక్షరం అంటారు కదా, అంటే ఓడలు గాల్లో స్పెల్లింగులు రాసుకుంటాయా?

అందరూ మొదట అనుకునేది ఇదే, కానీ కాదు. ప్రతి జెండాకీ ఒక అక్షరం పేరు ఉన్నమాట నిజమే, కానీ ఆ జెండా ఒక్కటే ఎగరేస్తే అది అక్షరం కాదు, ఒక పూర్తి వాక్యం. ఉదాహరణకి ఓ జెండా, అంటే ఎరుపు పసుపు ఐమూలగా ఉన్నది ఎగిరిందంటే "మా మనిషి నీళ్ళలో పడిపోయాడు" అని అర్థం. చదివేవాడు జపాన్ వాడైనా, గ్రీకు వాడైనా, మన శ్రీకాకుళం కుర్రాడైనా అర్థం ఒక్కటే. ఇవతలి వాడికి ఇంగ్లీషు రావక్కర్లేదు, అవతలి వాడికీ రావక్కర్లేదు. ఈ పద్ధతి మొత్తం నిలబడింది దీని మీదే, ఇది పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమైపోతుంది.

స్పెల్లింగ్ కూడా రాయొచ్చు, ఓడ పేరో ఊరి పేరో చెప్పాల్సి వస్తే రాస్తారు, కాకపోతే అది చాలా అరుదు.

మొత్తం ఎన్ని జెండాలు? రంగులు అవే ఎందుకు?

ఒక సెట్‌లో 40. అక్షరాలకి 26, అంకెలకి 10 (ఇవి పొడుగ్గా చివరికి సన్నబడే పెన్నెంట్లు), రిపీటర్లు అని మూడు, కోడ్ పెన్నెంట్ అని ఎరుపు తెలుపు చారలది ఒకటి. బ్రిడ్జి మీద, అంటే ఓడని నడిపే గదిలో, గోడకి పావురాల గూళ్ళలాగా చిన్న చిన్న అరలు ఉంటాయి, ఒక్కో అర మీద అక్షరం రాసి ఉంటుంది, జెండా మడతపెట్టి అందులో పెడతారు.

రంగులు ఐదే: ఎరుపు, నీలం, పసుపు, తెలుపు, నలుపు. దూరం నుంచి, మబ్బుగా ఉన్నప్పుడు, ఉప్పు తుంపర మధ్యలో బైనాక్యులర్‌లో చూస్తే విడిగా తెలిసేవి అవే. ఆకుపచ్చ పెట్టారనుకోండి, కొంచెం చీకటి పడగానే నీలంలో కలిసిపోతుంది. అందుకే చాలా జెండాల్లో ముదురు రంగు పక్కన లేత రంగు ఉంటుంది, నీలం పక్కన తెలుపు, నలుపు పక్కన పసుపు.

ఒక్క జెండా మెసేజ్‌లు ఏమేం ఉన్నాయి?

అత్యవసరమైనవి, రోజూ వాడేవి ఒక్క జెండాకే ఇచ్చారు, ఎందుకంటే కంగారులో రెండు మూడు జెండాలు వెతికి కట్టే టైం ఉండదు.

ఏ జెండా తెలుపు నీలం, చివర చీలి ఉంటుంది. "మా డైవర్ నీళ్ళలో ఉన్నాడు, దూరంగా మెల్లగా పొండి" అని. స్కూబా వాళ్ళ బోటు మీద ఇది కనపడితే ఆ దరిదాపుల్లోకి స్పీడ్ బోటు తీసుకెళ్ళకూడదు, కింద ఉన్న మనిషికి మీ ప్రొపెల్లర్ కనపడదు. బి అంటే మొత్తం ఎర్రటి జెండా, ఇదీ చివర చీలినదే, ప్రమాదకరమైన సరుకు ఎక్కిస్తున్నాం, దించుతున్నాం లేదా మోస్తున్నాం అని. ఆయిల్ ట్యాంకర్ జెట్టీకి కట్టి ఉన్నప్పుడు పగలు ఈ జెండా, రాత్రి అదే చోట ఎర్ర లైటు.

హెచ్ తెలుపు ఎరుపు సగం సగం, "పైలట్ మా ఓడ మీద ఉన్నాడు" అని. జి పసుపు నీలం నిలువు చారలు, "పైలట్ కావాలి" అని. ఇక్కడ పైలట్ అంటే విమానం నడిపేవాడు కాదు, ఆ రేవు నీళ్ళ లోతులు, ప్రవాహాలు తెలిసిన మనిషి, బయటి నుంచి వచ్చిన ఓడని లోపలికి దారి చూపించి తీసుకెళ్తాడు.

వి తెలుపు మీద ఎర్ర ఇంటూ గుర్తు, "సాయం కావాలి". డబ్ల్యూ అయితే వైద్య సాయం, నీలం లోపల తెలుపు, తెలుపు లోపల ఎరుపు చతురస్రం. ఈ రెండిటినీ చాలామంది కలిపేస్తారు, గుర్తు పెట్టుకోండి. ఎఫ్ తెలుపు మీద ఎర్ర డైమండ్, "మా ఓడ పాడైంది, మాతో మాట్లాడండి". జె అయితే ఇంకా సీరియస్, "మంటలంటుకున్నాయి, లోపల ప్రమాదకర సరుకుంది, దూరంగా ఉండండి". యు ఎరుపు తెలుపు నాలుగు గళ్ళు, "మీరు ప్రమాదంలోకి వెళ్తున్నారు". ఎల్ పసుపు నలుపు నాలుగు గళ్ళు, "వెంటనే ఆపండి". వై పసుపు ఎరుపు ఏటవాలు చారలు, "మా లంగరు ఈడ్చుకుపోతోంది", తుఫాను గాలులకి లంగరు పట్టు వదిలేసిన ఓడ పక్కన మీరుంటే మీరు కూడా ఇంజిన్ రెడీ పెట్టుకోవాల్సిందే.

పి గురించి కొంచెం చెప్పాలి. నీలం మధ్యలో తెల్ల చతురస్రం, దీన్ని బ్లూ పీటర్ అంటారు. రేవులో ఎగరేస్తే "ఓడ బయల్దేరబోతోంది, అందరూ ఎక్కండి" అని. ఫోన్లు లేని రోజుల్లో ఊళ్ళోకి వెళ్ళిన నావికులు రేవు వైపు తలతిప్పి ఈ జెండా ఉందా లేదా అని చూసుకునేవాళ్ళు. అదే జెండా సముద్రంలో చేపల ఓడ ఎగరేస్తే "మా వల దేనికో చిక్కుకుంది" అని అర్థం, అంటే ఎక్కడ ఎవరు ఎగరేశారన్నది కూడా చూడాలి.

సి అంటే అవును, ఎన్ అంటే కాదు. ఆర్‌కి మాత్రం ఇప్పటి కోడ్‌లో ఒంటరిగా ఏ అర్థమూ లేదు.

పసుపు జెండా ఉంటే ఓడలో అంటురోగం ఉన్నట్టేనా?

పాత రోజుల నుంచి వచ్చిన నమ్మకం ఇది, పసుపుకీ క్వారంటైన్‌కీ సంబంధం నిజంగానే ఉండేది. క్వారంటైన్ అనే మాటే వెనిస్ వాళ్ళ "నలభై" నుంచి వచ్చింది, ప్లేగు భయానికి ఓడల్ని నలభై రోజులు బయటే ఆపేవాళ్ళు. కానీ ఇప్పుడు క్యూ జెండా అర్థం పూర్తిగా రివర్స్, "మా ఓడలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, లోపలికి రావడానికి హెల్త్ క్లియరెన్స్ ఇవ్వండి" అని. ఈ క్లియరెన్స్‌ని ఫ్రీ ప్రాటిక్ అంటారు. పోర్ట్ హెల్త్ ఆఫీసర్ ఓకే అనేదాకా ఎవరూ దిగకూడదు, బయటి వాళ్ళు ఎక్కకూడదు. ఈ రోజుల్లో ఆ పేపర్లన్నీ ఈమెయిల్‌లో ముందే వెళ్ళిపోతాయి, అయినా విదేశం నుంచి వచ్చేటప్పుడు క్యూ ఎగరేస్తాం.

క్యూ కింద మొదటి రిపీటర్ కడితే క్యూక్యూ అవుతుంది, అదైతే "మాకు హెల్త్ క్లియరెన్స్ అవసరం" అని, అంటే లోపల ఏదో అనుమానం ఉందన్నమాట.

రిపీటర్ అంటే ఏంటి?

ఓడలో సాధారణంగా ఒక్కటే సెట్ ఉంటుంది, మరి ఒకే అక్షరం రెండుసార్లు రావాలంటే రెండో జెండా ఎక్కణ్ణుంచి తెస్తాం? దానికే ఇవి. మొదటి రిపీటర్ అంటే "పైనుంచి మొదటి జెండానే మళ్ళీ చదువుకో", రెండోది రెండో జెండాని, మూడోది మూడో జెండాని. 1100 అని అంకె చెప్పాలనుకోండి, 1 కట్టి, దాని కింద మొదటి రిపీటర్, తర్వాత 0, తర్వాత మూడో రిపీటర్. చివర్లో మూడోది ఎందుకంటే ఆ సున్నా పైనుంచి మూడో స్థానంలో ఉంది కాబట్టి. కాగితం మీద రెండుసార్లు రాసి చూసుకుంటే మళ్ళీ జన్మలో మర్చిపోరు. మూడంటే మూడు ముక్కల గుడ్డతో ఇంకో సెట్ మొయ్యాల్సిన అవసరం తీర్చేశారు, ఆలోచించినవాళ్ళకి నిజంగా దండం పెట్టాలి.

రెండు మూడు జెండాలు కలిపితే?

ఎప్పుడూ పైనుంచి కిందకి చదవాలి. రెండక్షరాలవి సాధారణ విషయాలకి, వందల్లో ఉన్నాయి, అవి ఎవరూ బట్టీ పట్టరు, బ్రిడ్జి మీద కోడ్ పుస్తకం ఉంటుంది, చూసి చెప్తారు. కానీ ఎన్‌సీ మాత్రం అందరికీ తెలిసి తీరాలి, "ఆపదలో ఉన్నాం, వెంటనే సాయం కావాలి" అని, పైన నీలం తెలుపు గళ్ళది, కింద సి. ఏసీ అంటే "ఓడ వదిలేస్తున్నాం". జెజి అంటే ఓడ నేల పట్టేసి ప్రమాదంలో ఉంది అని. యూడబ్ల్యూ అంటే "మీ ప్రయాణం క్షేమంగా సాగాలి" అని, ఓడలు ఒకదానికొకటి ఎదురైనప్పుడు చెప్పుకునే మంచి మాట అది.

మూడక్షరాలవి ఎమ్‌తో మొదలైతే అన్నీ వైద్యానికి సంబంధించినవే. ఎమ్ఏఏ అంటే "అర్జెంటుగా డాక్టర్ సలహా కావాలి". జబ్బు లక్షణాలు, నొప్పి ఎక్కడ, ఏ మందు ఇచ్చారు, అన్నిటికీ కోడ్‌లు ఉన్నాయి, అంటే డాక్టర్ లేని ఓడలో ఉన్న రష్యా కెప్టెన్ ఇంకో దేశపు డాక్టర్‌కి రోగి పరిస్థితి అవతలి భాష ఒక్క మాట కూడా రాకుండా చెప్పొచ్చు. పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇది.

నాలుగక్షరాలు కనిపిస్తే అది ఓడ కాల్ సైన్, అంటే దాని గుర్తింపు. మన దేశపు ఓడలవి ఏటీ నుంచి ఏడబ్ల్యూ వరకు, లేదా వీటీ నుంచి వీడబ్ల్యూ వరకు ఏదో ఒకదానితో మొదలవుతాయి. అక్షరం పక్కన అంకెలుంటే ఎల్ అక్షాంశం, జి రేఖాంశం, జెడ్ గ్రీనిచ్ టైం, అలా.

మనం ఎగరేసింది అవతలి వాళ్ళు చూశారని ఎలా తెలుస్తుంది?

దానికే కోడ్ పెన్నెంట్. అవతలి ఓడ మీ జెండాల్ని చూడగానే ఆ ఎరుపు తెలుపు పెన్నెంట్‌ని సగం వరకు ఎత్తుతుంది, అంటే "చూశాం, చదువుతున్నాం". అర్థమవ్వగానే పూర్తిగా పైకి లాగుతుంది, అంటే "సరే, తెలిసింది". అప్పుడు మీరు మీ జెండాలు దించుతారు, వాళ్ళు మళ్ళీ సగానికి దించి తర్వాతి దాని కోసం చూస్తారు. అర్థం కాలేదనుకోండి, సగంలోనే ఉంచేస్తారు. వాట్సాప్‌లో టిక్కులు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

రేడియో, శాటిలైట్ ఫోన్ ఉండగా ఈ జెండాలు ఇంకా ఎందుకు?

నిజమే, రోజువారీ మాటలన్నీ వీహెచ్ఎఫ్ రేడియోలోనే జరుగుతాయి, అందులో దాచేదేం లేదు. కానీ కొన్ని విషయాలు మాటలతో అవ్వవు. "డైవర్ కింద ఉన్నాడు" అనేది ఒకసారి రేడియోలో చెప్తే ఆ టైంలో విన్నవాడికే తెలుస్తుంది, జెండా అయితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చే ప్రతి బోటుకీ అదే చెప్తూ ఉంటుంది, రేడియో లేని చిన్న తెప్పకి కూడా. ట్యాంకర్ మీద బి జెండా కూడా అంతే. రెండోది, కరెంటు పోయింది, బ్యాటరీలు తడిసిపోయాయి, అప్పుడు మిగిలేది గుడ్డ ముక్క, తాడు. మూడోది భాష, రేడియోలో ఒకరి యాస ఒకరికి అర్థం కాక రెండు ఓడలు తికమక పడటం నేను చాలాసార్లు విన్నాను, అలాంటప్పుడు కోడ్ అక్షరాలు చెప్పుకుంటే చటుక్కున తేలిపోతుంది.

యుద్ధనౌకల సంగతి ఇంకోటి. రేడియో వాడితే శత్రువు ఆ తరంగాలు పట్టుకుని ఓడ ఎక్కడుందో కనిపెడతాడు, జెండాని అలా పట్టుకోలేడు.

అంతర్జాతీయ రూల్ ప్రకారం కూడా, రేడియో పెట్టుకోవాల్సిన ప్రతి ఓడలోనూ ఈ కోడ్ పుస్తకం ఉండి తీరాలి.

మరి రాత్రి, మంచులో ఏం చేస్తారు? గాలి లేకపోతే?

గాలి లేకపోతే జెండా వేలాడిపోతుంది, గాలి సూటిగా చూసేవాడి వైపు వీచినా అంచు మాత్రమే కనపడుతుంది, ఇవి జెండాలకున్న అసలు ఇబ్బందులు. రాత్రయితే జెండా పనికిరాదు. అందుకే ఒక్క అక్షరం అర్థాలన్నీ మోర్స్ (చుక్కలు, గీతలతో అక్షరాలు చెప్పే పద్ధతి) లైటుతో కూడా చెప్పేలా పెట్టారు, కొన్నిటిని హారన్‌తో కూడా.

ఇందులో ఒక అందం ఉంది, నాకు క్యాడెట్‌గా ఉన్నప్పుడు ఒక సీనియర్ చెప్పాడు. ఇ జెండా అంటే "కుడికి తిరుగుతున్నాను", మోర్స్‌లో ఇ అంటే ఒక్క చుక్క. ఓడ కుడికి తిరిగేటప్పుడు హారన్ ఎన్నిసార్లు కొడుతుంది? ఒక్క పొట్టి కూత. ఐ జెండా "ఎడమకి తిరుగుతున్నాను", మోర్స్‌లో రెండు చుక్కలు, హారన్ రెండు పొట్టి కూతలు. ఎస్ జెండా "ఇంజిన్ వెనక్కి తిప్పుతున్నాను", మూడు చుక్కలు, మూడు కూతలు. జెండా, లైటు, కూత మూడూ ఒకే మాట. ఇంకా చూడండి, యు అంటే "ప్రమాదంలోకి వెళ్తున్నారు" అనుకున్నాం కదా, కాకినాడ బయట కేజీ బేసిన్‌లో ఉన్నలాంటి గ్యాస్, ఆయిల్ ప్లాట్‌ఫారాల మీద రాత్రిపూట వెలిగే తెల్ల లైటు రెండు పొట్టి, ఒక పొడుగు మెరుపు, అంటే మోర్స్‌లో అదే యు.

ఇదంతా ఎవరు తయారుచేశారు?

ఒక్కరు కాదు, చాలా ఏళ్ళ మీద వచ్చింది. అందరికీ తెలిసిన కథ 1805 అక్టోబర్ 21, ట్రఫాల్గర్ యుద్ధం. బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ తన ఓడ విక్టరీ మీద నుంచి "ప్రతి ఒక్కడూ తన కర్తవ్యం చేస్తాడని ఇంగ్లండ్ నమ్ముతోంది" అని సిగ్నల్ ఇవ్వమన్నాడు. సిగ్నల్ ఆఫీసర్ పాస్కో, "నమ్ముతోంది" అన్న ఆ మాట పోపమ్ కోడ్ పుస్తకంలో లేదండీ, అక్షరం అక్షరం కట్టాలి, "ఆశిస్తోంది" అనే మాటైతే పుస్తకంలో ఉంది అన్నాడు, నెల్సన్ సరే అన్నాడు. చరిత్రలో నిలిచిపోయిన ఆ వాక్యంలో మాట మారింది జెండాలు ఆదా చేయడానికి. "కర్తవ్యం" అన్న మాట కూడా పుస్తకంలో లేదు, దాన్ని మాత్రం నాలుగు అక్షరాలుగా కట్టక తప్పలేదు.

వ్యాపార ఓడల కోసం 1817లో కెప్టెన్ మారియట్ ఒక కోడ్ తెచ్చాడు. తర్వాత 1857లో బ్రిటిష్ బోర్డ్ ఆఫ్ ట్రేడ్ 18 జెండాలతో 70,000 సిగ్నల్స్ ఉన్న కోడ్ వేసింది, ఇప్పటి దానికి తల్లి అదే. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక దాని లోటు బయటపడింది, మాటకి మాట కోడ్ చేసి పంపితే అర్థమైన సార్ల కంటే కానివే ఎక్కువయ్యాయి. 1930ల్లో ఏడు భాషల్లో మళ్ళీ రాశారు. 1965లో ఓడల వ్యవహారాలు చూసే అంతర్జాతీయ సంస్థ (ఇప్పటి ఐఎంఓ) ఇప్పటి కోడ్‌ని ఒప్పుకుంది, రష్యన్, గ్రీకు కూడా కలిపి తొమ్మిది భాషలు, 1969 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత తప్పు నుంచి నేర్చుకుని ప్రతి సిగ్నల్‌కీ పూర్తి అర్థం ఉండేలా చేసింది ఇందులోనే.

జపాన్ వాళ్ళకి జెడ్ జెండా అంటే ఒక ప్రత్యేకమైన గౌరవం, 1905 మే 27న త్సుషిమా యుద్ధంలో అడ్మిరల్ టోగో మికాసా ఓడ మీద ఎగరేశాడు, దేశం భవిష్యత్తు ఈ యుద్ధం మీదే ఉంది అని దాని భావం. మామూలు కోడ్‌లో మాత్రం జెడ్ అంటే "టగ్ (ఓడని లాగే పడవ) కావాలి" అంతే.

నేవీ వాళ్ళ జెండాలు కూడా ఇవేనా?

అక్షరాల గుడ్డలు అవే, అర్థాలు వేరు, నేవీలకి సొంత పుస్తకాలుంటాయి, అవి బయటికి రావు. అందుకే యుద్ధనౌక మీద కనిపించే జెండాల్ని మన చార్టు పెట్టుకుని చదవకండి. యుద్ధనౌక ఒక వ్యాపార ఓడతో అంతర్జాతీయ కోడ్‌లో మాట్లాడాలంటే కోడ్ పెన్నెంట్‌ని కనపడేలా ఎగరేసి ఉంచుతుంది.

ఓడ వెనకాల ఎగిరేది సిగ్నల్ జెండా కాదు, అది ఎన్‌సైన్, ఏ దేశం ఓడో చెప్పేది. మన నేవీ ఎన్‌సైన్ 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో విక్రాంత్‌ని నేవీలో చేర్చిన రోజే మారింది, ఎర్ర క్రాస్ తీసేసి శివాజీ ముద్ర స్ఫూర్తితో నీలం అష్టభుజం పెట్టారు. విదేశీ ఓడ మన రేవుకి వస్తే మాస్ట్ (ఓడ మీద నిలువు స్తంభం) కుడివైపు మన మువ్వన్నెల జెండా ఎగరేస్తుంది, అది మర్యాద.

పండగలప్పుడు ఓడ ఈ చివర నుంచి ఆ చివరకి జెండాలు కడతారు కదా, అందులో ఏం రాసుంటుంది?

ఏమీ ఉండదు, ఉండకూడదు కూడా. దాన్ని ఓడని డ్రెస్ చేయడం అంటారు. వైజాగ్‌లో 2016 ఇంటర్నేషనల్ ఫ్లీట్ రివ్యూ, 2022 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఫ్లీట్ రివ్యూ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రెండు అక్షరాల జెండాలు, ఒక అంకె పెన్నెంట్, మళ్ళీ రెండు, ఒకటి, ఇలా ముందే ఖాయం చేసిన వరసలో కడతారు, పొరపాటున ఏ అర్థమూ రాకుండా, రంగులు కూడా సమంగా పడేలా.

రెండు చేతుల్లో చిన్న జెండాలు పట్టుకుని ఊపేది ఇదేనా?

కాదు, అది సెమఫోర్. అందులో చేతుల కోణమే అక్షరం, గుడ్డ రంగుకి అర్థం లేదు. ఎన్‌సీసీ నేవల్ వింగ్ పిల్లలు నేర్చుకునేది అదే.

జెండా కట్టేటప్పుడు చేసే తప్పులు ఏంటి?

తలకిందులుగా కట్టడం ఒకటి, జెండా పై అంచు ఏదో క్లిప్ చూసి తెలుసుకోవాలి. రెండు గ్రూపులు ఒకే తాడు మీద కడితే మధ్యలో దాదాపు రెండు మీటర్ల ఖాళీ తాడు వదలాలి, అది వదలకపోతే రెండు మాటలు కలిసి మూడోది అయిపోతుంది. పని అయిపోయాక దించడం మర్చిపోవడం మూడోది, పైలట్ దిగిపోయి గంటైనా హెచ్ ఎగురుతూ ఉంటే అది అబద్ధం చెప్తున్నట్టే.

అన్నిటికంటే పెద్దది తాడు చివర వదిలేయడం. నేను క్యాడెట్‌గా మొదటి ఓడలో క్యూ కడుతుంటే గాలికి తాడు కొస చేతిలోంచి జారి పైదాకా వెళ్ళిపోయింది, ఇంక దానంతట అది కిందకి రాదు, హార్నెస్ వేసుకుని, రాడార్ ఆపించి, మాస్ట్ ఎక్కి తేవాల్సి వచ్చింది. మా సరంగు (డెక్ పనివాళ్ళ పెద్ద) ఏమీ తిట్టలేదు, రెండు కొసలూ ఎప్పుడూ కలిపి పట్టుకోవడం ఎలాగో చేసి చూపించాడు. అప్పటినుంచి నేను కొత్త పిల్లలకి మొదట నేర్పేది అదే.

వైజాగ్‌లో ఇవి ఎక్కడ చూడొచ్చు?

బీచ్ రోడ్ నుంచి బయట లంగరేసిన ఓడలు కనపడతాయి కానీ జెండాలు ఆనవు, మంచి బైనాక్యులర్ కావాలి. ఓడలు డాల్ఫిన్స్ నోస్ పక్క నుంచి లోపలికి వస్తాయి, అప్పుడు దగ్గరగా ఉంటాయి కాబట్టి మాస్ట్ మీద చూడండి, హెచ్ కనపడుతుంది. పోర్ట్ ఏరియాలోకి, నేవీ ఏరియాలోకి కెమెరాలు పట్టుకుని వెళ్ళకండి.

మా అబ్బాయి మర్చంట్ నేవీకి వెళ్తానంటున్నాడు, జెండాలు ఎలా నేర్చుకోవాలి?

అబ్బాయైనా అమ్మాయైనా పద్ధతి ఒకటే, 26 ఒకేసారి పట్టకండి. ముందు ప్రాణం మీదకొచ్చేవి, ఏ, ఓ, వి, డబ్ల్యూ, యు, ఎన్‌సీ. తర్వాత రోజూ వాడేవి, బి, జి, హెచ్, పి, క్యూ. తర్వాత ఇ, ఐ, ఎస్ మోర్స్‌తో కలిపి. అట్టముక్కల మీద రంగులేసి వెనక అర్థం తెలుగులోనే రాయండి, అర్థం బుర్రలోకి దిగాక ఇంగ్లీషు వాక్యం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నేర్చుకోండి, ఓరల్స్‌లో, అంటే నోటి పరీక్షలో, అదే అడుగుతారు. అక్షరాల పేర్లు ఆల్ఫా, బ్రావో, చార్లీ అని వస్తాయి. అంకెలకి మాత్రం ఈ కోడ్‌లో వింత పేర్లున్నాయి, ఉనావన్, బిసోటూ, టెరాత్రీ, కార్టేఫోర్ అని, ఇవి కూడా చూసి పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకోటుంది. ఫీజు కట్టకముందే కలర్ విజన్ టెస్ట్ చేయించండి, డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం) అనుమతి ఉన్న డాక్టర్ దగ్గరే. ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియని కళ్ళకి మెడికల్‌లో ఫిట్ ఇవ్వరు. అది రూల్ కోసం పెట్టిన రూల్ కాదు, రాత్రి ఎదురొచ్చే ఓడ ఏ వైపు తిరిగి ఉందో ఎర్ర లైటు, ఆకుపచ్చ లైటు చూసే చెప్పాలి. అప్పు చేసి లక్షలు కట్టేశాక ఆ విషయం తెలిసి వెనక్కొచ్చిన కుటుంబాల్ని నేను చూశాను. చుక్కల పుస్తకం ముందు కూర్చుంటే పది నిమిషాల్లో తేలిపోయే పని, ఈ వారంలోనే చేయించండి.